బర్రెకు వేసిన మందే అత్తమ్మకు పనిచేయడం లేదు.. పాలే కారణమా?

ప్రశ్న: మాది దేవరకొండ దగ్గర పల్లె. మా అత్తమ్మకు 63 ఏళ్లు, షుగర్ ఉంది. ఏడాదిలో మూడుసార్లు మూత్రంలో ఇన్‌ఫెక్షన్ వచ్చింది. ఈసారి కల్చర్ పరీక్ష చేయిస్తే ఈ.కోలై అనే క్రిమి ఉందని, సెఫ్ట్రియాక్సోన్‌తో పాటు చాలా మందుల ఎదురుగా ‘ఆర్’ అని వచ్చింది. రెండు నెలల కింద మా బర్రెకు పొదుగు వాపు వచ్చినప్పుడు వేసిన ఇంజెక్షన్ సీసా మీద కూడా ఇదే పేరు ఉంది. వాపు ఉన్న చన్ను పాలు పారబోసి, మిగతా మూడు చన్నుల పాలు ఇంట్లో వాడుకున్నాం, పాల కేంద్రంలో పోశాం. ఆ పాల వల్లే ఇలా అయిందా? పాలు మానేయాలా? – ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, ముందుగా మీ అత్తమ్మ సంగతి చూద్దాం. రిపోర్టులో ‘ఆర్’ అని ఉందంటే ఆ మందును ఆ క్రిమి తట్టుకుంటుందని అర్థం. మందులే లేవని కాదు. ‘ఎస్’ అని, అంటే క్రిమి లొంగుతుందని, ఉన్న వాటిలో ఏది ఇవ్వాలో ఆమె కిడ్నీల పనితీరు, షుగర్ స్థాయి చూసి ఫిజీషియన్ నిర్ణయిస్తారు. చలి జ్వరం, నడుము పక్కన నొప్పి, వాంతులు, మగతగా ఉండటం వంటివి కనిపిస్తే ఒక్కరోజు కూడా ఆగకుండా నల్లగొండ ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఆసుపత్రికి గానీ మీకు దగ్గరలోని పెద్దాసుపత్రికి గానీ తీసుకెళ్లండి. మంట, జ్వరం వంటి లక్షణాలు ఏవీ లేకుండా కేవలం పరీక్షలో క్రిమి కనిపించిందని మాత్రం యాంటీబయాటిక్ వాడనవసరం లేదు. ఈ వయసు ఆడవారిలో, ముఖ్యంగా షుగర్ ఉన్నవారిలో, అలా కనిపించడం మామూలే. మాటిమాటికీ ఇన్‌ఫెక్షన్ వస్తోంది కాబట్టి స్కానింగ్ చేయించి, మూత్రం పూర్తిగా బయటికి పోతోందో లేదో కూడా చూపించాలి.

ఇక పాల విషయం. ఆ కొద్దిరోజుల పాల వల్లే ఇలా జరిగిందని ఏ డాక్టరూ కచ్చితంగా చెప్పలేరు. నేనైతే ముందుగా గడిచిన రెండు ఇన్‌ఫెక్షన్లకు ఆమె ఏ మందులు, ఎన్ని రోజులు వాడారని అడుగుతాను. కల్చర్ చేయించకుండా ఆర్ఎంపీ దగ్గర రెండు ఇంజెక్షన్లు వేయించుకోవడం, మంట తగ్గగానే మాత్రలు ఆపేయడం, మళ్లీ వస్తే మందుల దుకాణంలో పాత చీటీ చూపించి అవే తెచ్చుకోవడం మన జిల్లాలో ఇంటింటా జరుగుతున్నదే. మనుషుల్లో మందులకు లొంగని క్రిములు పెరగడానికి మనుషులు వాడే యాంటీబయాటిక్సే ప్రధాన కారణం.

అలాగని పశువుల మందులను తేలిగ్గా తీసుకోలేం. ఇక్కడ రెండు వేర్వేరు విషయాలున్నాయి. మొదటిది పాలలో, మాంసంలో మిగిలిపోయే మందు అవశేషం. రెండోది మందుకు అలవాటుపడిన క్రిమి. కాచితే క్రిమి చస్తుంది, కానీ వంటింట్లో పాలు కాగే ఆ కొద్ది నిమిషాల వేడికి చాలా రకాల యాంటీబయాటిక్స్ పూర్తిగా నశించవు. పెన్సిలిన్ పడనివారికి పాలలోని కొద్దిపాటి అవశేషంతో కూడా దద్దుర్లు రావచ్చు. కొద్ది కొద్దిగా రోజూ లోపలికి వెళ్తే పేగుల్లోని క్రిములు ఆ మందును తట్టుకోవడం నేర్చుకునే అవకాశముంటుంది. పేడ, పచ్చి పాలు, పాలు పితికిన చేతుల ద్వారా మనకు చేరే మొండి క్రిములైతే, ఆ లక్షణాన్ని ఇచ్చే జన్యువులను మన పేగుల్లోని ఇతర క్రిములకు అందించగలవు. అందుకే గుమ్మపాలు తాగే అలవాటు ఇంట్లో ఎవరికైనా ఉంటే మాన్పించండి. పితికిన తర్వాత సబ్బుతో చేతులు కడుక్కోవాలి.

మీరు మూడు చన్నుల పాలు వాడామని రాశారు. ఇది నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది, ఎందుకంటే చాలామంది మంచి ఉద్దేశంతోనే ఇలా చేస్తారు. బర్రెకు సూది వేస్తే మందు రక్తంలో కలిసి నాలుగు చన్నుల్లోకీ వస్తుంది; వాపు ఒకదానికే ఉన్నా మందు అన్నిటిలోనూ ఉంటుంది. చన్నులోకి ఎక్కించే ట్యూబు మందు కూడా కొంత రక్తంలోకి చేరుతుంది కాబట్టి అప్పుడూ నాలుగింటి పాలూ పక్కన పెట్టాల్సిందే.

మందు వేసిన బర్రె పాలు ఒక్కోసారి తోడుకోవు, ఎందుకంటే తోడులోని మంచి క్రిములను ఆ మందు చంపేస్తుంది. పెరుగు తోడుకుంది కదా, ఇక భయం లేదని మాత్రం అనుకోవద్దు. తోడును ఆపలేనంత తక్కువ మోతాదులో కూడా అవశేషం ఉండవచ్చు.

దీనికి చట్టంలో నియమం ఉంది. 2012 జనవరిలో కేంద్ర ప్రభుత్వం ఔషధ నియమాలను సవరించి, ఆహారమిచ్చే పశువుల మందుల లేబుల్ మీద చివరి మోతాదు తర్వాత ఎన్ని రోజులు ఆగాలో రాయాలని ఆదేశించింది. లేబుల్ మీద అలా లేకపోతే పాలకు, గుడ్లకు కనీసం 7 రోజులు, మాంసానికి 28 రోజులు ఆగాలి. ఈ లెక్క మొదటి సూది రోజు నుంచి కాదు, చివరి సూది రోజు నుంచి. మోతాదు పెంచినా, ఎక్కువ రోజులు వాడినా లేబుల్ మీది గడువు సరిపోదు. మనుషులకు ఆఖరి ఆధారంగా దాచుకున్న కొలిస్టిన్ అనే యాంటీబయాటిక్‌ను పశువులకు, కోళ్లకు వాడకుండా 2019లో కేంద్ర ప్రభుత్వం నిషేధించింది కూడా.

పాలు మానేయనవసరం లేదు. జాతీయ స్థాయిలో 2018లో ఆహార భద్రతా సంస్థ చేయించిన సర్వేలో 6,432 నమూనాలు పరీక్షిస్తే, యాంటీబయాటిక్ పరిమితి దాటినవి 77. సంఖ్య చిన్నదే, కానీ పాల కేంద్రంలో ఒక ఇంటి పాలు ఊరందరి పాలతో కలుస్తాయి. కనుక గడువు ముగిసేదాకా ఆ పాలు పోయకండి. ఆర్థికంగా ఇది భారమని నాకు తెలుసు; రోజూ వచ్చే డబ్బుతోనే ఇల్లు గడిచేవారికి వారం పాలు పారబోయడం చిన్న మాట కాదు. అయినా పసిపిల్లలు తాగే పాలవి.

ఆ పాలను దూడకు కూడా పట్టకండి. అవశేషమున్న పాలు తాగిన దూడల పేగుల్లో మొండి క్రిములు పెరుగుతాయని పరిశోధనలు చెబుతున్నాయి. బావికి, బోరుకు దూరంగా గుంట తీసి పోసి మట్టి కప్పండి. చికిత్సలో ఉన్న పశువును తగ్గడం లేదని కోతకు అమ్మేయడం కూడా తప్పే. అవశేషాలు కండ కన్నా కార్జంలో, మూత్రపిండాల్లో ఎక్కువగా నిలుస్తాయి, వాటిని ఇష్టంగా తినేవారు మన దగ్గర తక్కువేమీ కాదు.

ఇకపై పొదుగు గట్టిపడినా, పాలు విరిగినట్టు గడ్డలుగా వచ్చినా మందుల షాపులో అడిగి సూది తెచ్చి వేయకుండా పశు వైద్యుడికి చూపించండి, లేదా పశువైద్య సేవల నంబరు 1962కు ఫోన్ చేయండి. మందు పేరు, చివరి సూది తేదీ, ఏ రోజు నుంచి పాలు వాడవచ్చో చీటీ మీద రాయించుకుని, పాలు పితికే చోట గోడకు అంటించండి. ఆ రోజు మీరు లేకపోయినా పితికేవారికి తెలుస్తుంది.