కంట్రోల్ ట్రాన్స్‌ఫార్మర్ ఎర్తింగ్ గురించి అల్లుడికి ఉత్తరం

చిరంజీవి అల్లుడికి మామయ్య ఆశీస్సులు.

బాలానగర్‌లో షెడ్డు తీసుకుని ప్యానెల్ బోర్డులు కట్టడం మొదలుపెట్టావని అక్క చెప్పింది. నువ్వు పంపిన ఫొటో పెద్దది చేసి చూశాను. తీగలు వరసగా ఉన్నాయి, ఫెరూల్ నంబర్లు చక్కగా వేశావు. కానీ మూలనున్న 415/110 వోల్టుల కంట్రోల్ ట్రాన్స్‌ఫార్మర్, అదే బటన్లకు, కాయిళ్లకు తక్కువ వోల్టేజీ ఇచ్చేది, దాని దగ్గర నా కన్ను ఆగింది. బాడీకి ఆకుపచ్చ-పసుపు ఎర్త్ తీగ ఉంది, సెకండరీకి, అంటే 110 వోల్టులు బయటికొచ్చే చుట్టకు, లేదు. ఫోను చేసి అడిగితే, "ఎర్త్ చేయకపోతే ఒక తీగ ముట్టుకున్నా షాకు కొట్టదు కదా మామయ్యా" అన్నావు. ఆ మాటలో సగం నిజముంది. ఆ సగమే ఒకప్పుడు నన్ను ముంచింది.

నీ వయసులో ఒక రైసు మిల్లుకు ప్యానెల్ కట్టాను. సెకండరీని ఇలాగే వదిలేశాను. రెండు వానాకాలాలు బాగానే నడిచింది. మూడో ఏడు ఎలివేటర్ మోటారుకు స్టాప్ బటన్ నొక్కితే ఆగలేదు. మళ్లీ నొక్కారు, ఆగలేదు. చివరికి మెయిన్ స్విచ్ దించారు. విప్పి చూస్తే మోటారుకు కరెంటు కలిపే స్విచ్చు, అదే కాంటాక్టర్, దాని కాయిల్‌కు వెళ్లే తీగ పైపు అంచున ఒరుసుకుని ఇనుముకు తగులుతోంది. అది ఎన్నాళ్లనుంచి ఉందో ఎవరికీ తెలియదు, ఫ్యూజు పోతేగా తెలిసేది! తరవాత స్టాప్ బటన్ పెట్టెలో తేమ చేరి, బటన్‌కు ముందున్న తీగ కూడా బాడీని అందుకుంది. ఇక కరెంటుకు బటన్‌తో పనేముంది? ఇనుము గుండా నేరుగా కాయిల్‌కు వెళ్లిపోయింది.

ట్రాన్స్‌ఫార్మర్‌లో 415 వోల్టులు వచ్చే ప్రైమరీకి, సెకండరీకి మధ్య ఉన్నది అయస్కాంత బంధమే. సప్లై న్యూట్రల్ ఎక్కడో ఎర్త్ అయి ఉన్నా నీ 110 వోల్టులకు దానితో చుట్టరికం లేదు. భూమిని దానికి నువ్వే పరిచయం చేయాలి. సెకండరీలో ఒక కొసను ఎర్త్ బస్‌బార్‌కు కలుపు, ఒక్క చోటే. ఫ్యూజు రెండో కొసలో ఉండాలి, అప్పుడు ఆ వైపు తీగ బాడీకి తగలగానే ఫ్యూజు పోయి లోపం తెలుస్తుంది. బటన్లు, మోటారుకు భారం ఎక్కువైతే ఆపే ఓవర్‌లోడ్ రిలే కాంటాక్టు అన్నీ ఆ ఫ్యూజు వైపే. కాయిల్ రెండో చివర నేరుగా ఎర్త్ అయిన కొసకు రావాలి, మధ్యలో బటన్ పెట్టకు. పెడితే కాయిల్‌కు, బటన్‌కు మధ్య తీగ ఒక్కసారి బాడీకి తగిలినా చాలు, ఎవరూ నొక్కకుండానే మోటారు తిరుగుతుంది. యంత్రాల విద్యుత్ భద్రతకు ఐఈసీ 60204-1 ఉంది, కొని దగ్గర పెట్టుకో.

ఎర్త్ కలిపే చోట విప్పగలిగే లింకు పెట్టు. ఇన్సులేషన్ కొలిచే మెగ్గర్ వేసేటప్పుడు అది తీస్తేనే సెకండరీ ఇన్సులేషన్ తెలుస్తుంది. పరీక్ష అయ్యాక లింకు తిరిగి బిగించడం మరిచిపోయేవాళ్లే ఎక్కువ, నేనూ మరిచిపోయాను.

బాడీ తీగ ఉందన్నాను గానీ, ఆ బోల్టు కింద పౌడర్ కోటింగ్ గీకావా? ఫొటోలో రంగు మెరుస్తూనే ఉంది. రంగు మంచి ఇన్సులేటర్, నీకు శత్రువు. గీకి, పళ్ల వాషర్ వేసి బిగించు. తలుపు మీద బటన్లు, దీపాలు ఉన్నాయి కాబట్టి కీళ్లను నమ్మకుండా అల్లిన రాగి పట్టీతో ఫ్రేముకు కలుపు.

సెకండరీని ఎర్త్ చేసే ఈ పని అన్ని ట్రాన్స్‌ఫార్మర్లకూ చేయకు. ఆపరేషన్ థియేటర్లో వాడే ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ సెకండరీని కావాలనే ఎర్త్ చేయరు. ఒక్క లోపానికే సప్లై పోతే అక్కడ ప్రాణాపాయం, అందుకే ఇన్సులేషన్‌ను కనిపెట్టే పరికరం పెట్టుకుంటారు. నీ ప్యానెల్‌లో అలాంటి కాపలా లేదు.

రేపు షెడ్డుకు వెళ్లగానే మల్టీమీటరుతో రెండు సెకండరీ కొసల నుంచి బాడీకి వోల్టేజీ చూడు. ఇప్పుడు రెండు చోట్లా పొంతన లేని అంకెలు ఊగుతాయి. లింకు బిగించాక ఒకటి 110, రెండోది సున్నా రావాలి. రెండు కొలతలూ కాగితం మీద రాసి, ఆ బోల్టు ఫొటోతో కలిపి పంపు.

మీ మామయ్య