తొలి మంచు పడేలోపు హీటర్ దారులు చూసుకో

చి.ల.సౌ. మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

దసరా వెళ్ళిపోయింది, ఆకులు రాలుతున్నాయి. ఇంకొన్ని వారాల్లో మీ ష్రూస్‌బరీలో హీటర్ రాత్రీ పగలూ నడుస్తుంది. ఇన్నాళ్ళూ అపార్ట్‌మెంట్లో ఉన్నారు, ఆ గొడవంతా లీజింగ్ ఆఫీసు వాళ్ళు చూసుకునేవారు. ఇప్పుడు ఇల్లు మీది. పైగా డిసెంబరులో అక్కా బావా వస్తున్నారు. ఫోన్లో చెబితే సగం మాటలు పాప అల్లరిలో కలిసిపోతాయి, అందుకే రాస్తున్నాను. అల్లుడుగారికి కూడా చూపించు.

అన్నిటికంటే ముందు ఇంటి బయటికి వెళ్ళి గోడ చుట్టూ ఒకసారి తిరుగు. డ్రైవ్‌వే పక్క గోడకి రెండు తెల్లటి ప్లాస్టిక్ గొట్టాలు కనిపిస్తాయి. మీ ఫర్నేస్‌కి, అంటే ఇల్లంతా వేడిచేసే గ్యాస్ హీటర్‌కి, గాలి లోపలికి వచ్చేది ఒకదాని నుంచి, గ్యాస్ మండిన పొగ బయటికి పోయేది రెండోదాని నుంచి. చలి రోజున దేని నుంచి తెల్లగా ఆవిరి వస్తుందో అదే పొగగొట్టం. ఆ గోడ మీద పైన చిన్న పలక ఉంటుంది, కింద గ్యాస్ వెంట్ ఉంది, అడ్డం పెట్టకండి అని. మసాచుసెట్స్‌లో ఆ పలక ఊరికే పెట్టలేదు. 2005 జనవరిలో ప్లిమత్‌లో మంచు కప్పేయడంతో హీటర్ వెంట్ మూసుకుపోయి, కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు ఇంట్లోకి చేరి ఏడేళ్ళ పాప చనిపోయింది. ఆ తరవాతే ఇళ్ళల్లో ఆ వాయువుని పసిగట్టే అలారంలు తప్పనిసరి చేస్తూ చట్టం తెచ్చారు. దాన్ని ఆ పాప పేరుతోనే నికోల్ చట్టం అంటారు. ఆ సంగతి తెలిశాక ఆ పలకని చూసీ చూడనట్టు వదిలేయడం నాకు చేతకాదు. నువ్వూ వదిలేయకు.

ఆ గొట్టాల దగ్గర పెరిగిన పొదలు ఇప్పుడే కత్తిరించేయండి. చెత్త డబ్బాలు అటు పెట్టారు, జరపండి. గొట్టాల మూతి దగ్గర ఆకులు, సాలెగూళ్ళు ఉంటే చేత్తో తీసేయండి. తరవాత పక్కనే ఒక పొడవాటి కర్ర పాతి, కొసకి ఎర్ర రిబ్బను కట్టండి. మూడడుగుల మంచులో గొట్టం ఎక్కడుందో వెతుక్కోవడం కష్టం. 2015 జనవరి తుపానులో మీ పక్కనే వూస్టర్‌లో 34.5 అంగుళాలు పడింది. పడిన మంచు కంటే గాలికి గోడ వార కుప్ప పడేదే ఎక్కువ ఉంటుంది. కాబట్టి తుపాను ఆగేదాకా ఆగొద్దు, మధ్యలో ఒకసారి వెళ్ళి చూడాలి. గొట్టం చుట్టూ కనీసం మూడడుగులు ఖాళీ చేయాలి. ఇనుప పారతో కొడితే ప్లాస్టిక్ పగులుతుంది, దగ్గరికొచ్చాక చేత్తోనో చీపురుతోనో తీయండి. అల్లుడుగారు స్నో బ్లోయర్ కొన్నారటగా, దాని మూతి ఆ గోడ వైపు తిప్పొద్దని చెప్పు. గ్యాస్ మీటరు మీద మంచు కూడా అలాగే నెమ్మదిగా దులపాలి.

ఎప్పుడైనా మంచు రోజున ఇల్లు చల్లబడుతుంటే థర్మోస్టాట్ పదే పదే నొక్కుతూ కూర్చోకండి. పొగ బయటికి పోవడం లేదని తెలిస్తే కొత్త ఫర్నేస్‌లు తమంతట తామే ఆగిపోతాయి. ముందు బయటికెళ్ళి గొట్టం చూడండి. అలాగని పూర్తిగా దాని మీదే భరోసా పెట్టుకోవద్దు. మీ వాటర్ హీటర్ దారి వేరు.

ఆ వాటర్ హీటర్ గురించే నాకు ఎక్కువ ఆలోచన. పాత ఓనరు ఫర్నేస్ మార్చాడు గానీ వాటర్ హీటర్ పొగ ఇంకా పాత చిమ్నీలోకే పోతోంది. రెండిటి వేడికి కట్టిన చిమ్నీలో ఇప్పుడు ఒక్కటే మిగిలింది కాబట్టి పొగ పైకి లాగే బలం తగ్గుతుంది. దీనికి తోడు పోపు వాసన పోవాలని మీరు వంటింట్లో పెద్ద ఎగ్జాస్ట్ ఫ్యాన్ పెట్టించారు. మనవాళ్ళు చాలామంది చేసే పనే, తప్పుపట్టడం లేదు. కానీ 400 సీఎఫ్ఎం, అంటే నిమిషానికి 400 ఘనపుటడుగుల గాలి దాటి లాగే ఫ్యాన్ పెడితే, బయటి నుంచి అంత గాలి లోపలికి వచ్చే ఏర్పాటు ఉండాలని ఇక్కడి బిల్డింగ్ కోడ్ చెబుతుంది. చలికాలం కిటికీలన్నీ బిగించి ఆ ఫ్యాన్ ఫుల్లుగా వేస్తే, అది గాలి కోసం చిమ్నీలో పోవాల్సిన పొగని వెనక్కి లాగుతుంది.

దీన్ని మన అగరుబత్తితోనే చూడొచ్చు. కిటికీలు మూసి, వంటింటి ఫ్యాన్, బట్టలారబెట్టే డ్రయ్యర్ రెండూ వేసి, వేడినీళ్ళ కుళాయి తిప్పి వాటర్ హీటర్ మండేలా చేయి. ఐదు నిమిషాలయ్యాక హీటర్ పైన గొట్టం మొదలయ్యే చోట, ఆ గొడుగు లాంటి రేకు అంచు దగ్గర వెలిగించిన అగరుబత్తి పట్టుకో. పొగ లోపలికి పోతే సరే. బయటికి తన్నితే వెంటనే ఫ్యాన్ ఆపి, కిటికీలు తీసి, వాటర్ హీటర్ ఆపేసి టెక్నీషియన్‌ని పిలవండి. ఆ పని పూర్తయ్యేదాకా పెద్ద ఫ్యాన్ వేయకండి.

ఇక లోపల. బేస్‌మెంట్‌లో ఫర్నేస్ చుట్టూ ఖాళీ సూట్‌కేసులు, బియ్యం బస్తాలు, బొమ్మల కొలువు అట్టపెట్టెలు చూశాను. మూడడుగుల లోపు మండే వస్తువేదీ ఉండకూడదు. పెయింటు డబ్బాలు, పెట్రోలు అసలు ఆ గదిలోనే వద్దు. ఫిల్టర్ ఇప్పుడే మార్చండి. అంగుళం మందం ఫిల్టర్ చలికాలంలో నెలకోసారి తీసి చూసుకోవాలి, మూడు నెలలు దాటించకూడదు. మురికి పట్టిన ఫిల్టర్‌తో ఫర్నేస్ నడపడమంటే ముక్కుకి గుడ్డ కట్టి పరిగెత్తమన్నట్టే. దాని మీద బాణం గుర్తు ఫర్నేస్ వైపు ఉండాలి.

గదుల్లోకి వేడిగాలి వచ్చే నేల మీది వెంట్ల జాలీలు పైకి ఎత్తితే వచ్చేస్తాయి. వ్యాక్యూమ్ గొట్టం లోపలికి పెట్టి శుభ్రం చేయండి. గృహప్రవేశం అక్షింతలు, పాప క్రేయాన్లు ఎన్ని దొరుకుతాయో చూడు. సోఫా వెనక ఉన్న పెద్ద జాలీ ఇంట్లోని గాలిని వెనక్కి తీసుకునేది, దానికి అడ్డం ఉండకూడదు, సోఫా జరపాలి. వాడని గదుల వెంట్లు మూసేస్తే గ్యాస్ కలిసొస్తుందని ఎవరో చెబుతారు, వినొద్దు. అన్నీ మూస్తే ఫర్నేస్ లోపల వేడి ఎక్కువై మాటిమాటికి ఆగుతుంది. అక్క వెంట్ మీద తడి తువ్వాళ్ళు ఆరేస్తుంది చూడు, ముందే చెప్పు.

అలారంల సంగతి మాత్రం ఈ రాత్రే చూడాలి. ఇల్లు అమ్మేముందు ఫైర్ డిపార్ట్‌మెంట్ వాళ్ళు అలారంలు చూసి సర్టిఫికెట్ ఇచ్చారు, నిజమే. కానీ ఆ తరవాత మనం గృహప్రవేశం చేశాం. హోమం పొగకి మోగకుండా అన్నిటికీ ప్లాస్టిక్ కవర్లు చుట్టారు. అన్నీ విప్పారో లేదో నిచ్చెన వేసుకుని చూడండి. ప్రతి అంతస్తులో, పడకగది తలుపులకి పది అడుగుల లోపు కార్బన్ మోనాక్సైడ్ అలారం ఉండాలి. వెనక తయారీ తేదీ ఉంటుంది. రకాన్ని బట్టి ఐదు నుంచి పదేళ్ళలో వాటి పని అయిపోతుంది, అప్పుడు బ్యాటరీ మారిస్తే చాలదు.

అక్కా బావా దిగిన రోజే బటన్ నొక్కి ఆ మోత వినిపించు. వరసగా నాలుగు సార్లు మోగితే కార్బన్ మోనాక్సైడ్, మూడు సార్లయితే మంటల పొగ. ఆ గ్యాస్‌కి రంగూ వాసనా ఉండవు. తలనొప్పి, కళ్ళు తిరగడం, వాంతి, నీరసం వస్తాయి, జ్వరం మాత్రం ఉండదు. నాకున్న భయమల్లా విమానం దిగిన కొత్తలో ఇవన్నీ వస్తే జెట్‌లాగ్ అనుకుని మీరు పడుకోమంటారేమోనని. ఇంట్లో అందరికీ ఒకేసారి తలనొప్పి వచ్చినా, బయటికెళ్తే తగ్గి లోపలికొస్తే మళ్ళీ వచ్చినా అది జెట్‌లాగ్ కాదు. తక్కువ మోతాదులో అలారం గంటల తరబడి మోగకపోవచ్చు కూడా. 70 పీపీఎం దగ్గర, అంటే గాలిలో పది లక్షల పాళ్ళకి 70 పాళ్ళు ఆ గ్యాస్ ఉంటే, గంట నుంచి నాలుగు గంటల దాకా పట్టొచ్చు. మోగితే కారణం వెతక్కుండా పాపని ఎత్తుకుని అందరూ బయటికి నడవాలి, బయట నుంచి 911కి ఫోన్ చేయాలి. ఫైర్ వాళ్ళు చూసి చెప్పేదాకా కోటు కోసం కూడా లోపలికి వెళ్ళొద్దు. మీరిద్దరూ ఆఫీసులో ఉన్నప్పుడు మోగితే పక్కింటి తలుపు కొట్టమని బావకి చెప్పు. ఆ పక్కింటి వాళ్ళకి కూడా ముందే ఒక మాట చెప్పి ఉంచు.

అన్నట్టు, గరాజ్ తలుపు తెరిచి ఉన్నా కారు లోపల స్టార్ట్ చేసి వేడెక్కించొద్దు. డ్రయ్యర్ గొట్టంలో దూది కూడా ఇప్పుడే తీయించండి.

ఫర్నేస్ సర్వీసుకి ఈ వారమే ఫోన్ చేయి, నవంబరు వచ్చిందంటే అపాయింట్‌మెంట్లు దొరకవు. వచ్చినతన్ని వాటర్ హీటర్ చిమ్నీ కూడా చూడమని అడుగు, అడక్కపోతే చూడరు. వచ్చే శనివారం నేనూ అత్తయ్యా వస్తాం. కర్ర, రిబ్బను నేనే తెస్తాను, అగరుబత్తి పరీక్ష అప్పుడు అందరం కలిసి చేద్దాం. అలారంల కవర్లు మాత్రం అంతదాకా ఆపకు.

ఆశీస్సులతో,
మామయ్య