జొన్నచేను ఉంది, డిస్టిలరీ పెడతానంటున్నాడు

ప్రశ్న: మా అబ్బాయి హైదరాబాద్‌లో బీఎస్సీ మైక్రోబయాలజీ చివరి సంవత్సరం చదువుతున్నాడు. జహీరాబాద్ దగ్గర మాకు ఆరెకరాలు ఉంది, జొన్న వేస్తాం. స్కాట్లాండ్‌లో రైతు కుటుంబాలు సొంత పంటతో విస్కీ తీస్తున్నాయట, మనమూ పెడదాం అంటున్నాడు. మావారికి కోపం, నాకు టెన్షన్. నలుగురూ ఏమనుకుంటారు? - ఒక తల్లి, వనస్థలిపురం

జవాబు: అమ్మా, మీ భయాన్ని చాదస్తమని కొట్టిపారేయను. గుడుంబాతో చితికిపోయిన ఇళ్లు మన ఊళ్లలో ఎన్నో. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా మీద తిరగబడింది ఆ బాధతోనే. కానీ అబ్బాయి అడుగుతున్నది ఒక శాస్త్రం. దానికి పద్ధతైన చదువుంది.

అతను విన్నది నిజమే. స్కాట్లాండ్‌లోని ఫైఫ్‌లో డాఫ్ట్‌మిల్ అని ఒక పొలం ఉంది. అన్నదమ్ములు తమ బార్లీతోనే విస్కీ తీస్తారు, అదీ పొలం పనులు తగ్గిన రోజుల్లోనే. 2005లో మొదలుపెడితే తొలి సీసా బయటికొచ్చింది 2018లో. అన్నేళ్లూ వాళ్లను నిలబెట్టింది వ్యవసాయమే. మీవాడికి ముందు ఈ సంగతి చెప్పండి.

జొన్న తక్కువదేం కాదు. చైనావాళ్లు తాగే బైజియు అనే మద్యానికి ముఖ్యమైన ముడిసరుకు అదే. కాకపోతే ఎకరాకు ఎనిమిది క్వింటాళ్లు వేసుకున్నా ఆరెకరాలకు ఐదు టన్నులు దాటదు. టన్నుకు 350 లీటర్ల ఆల్కహాల్ వచ్చిందనుకున్నా, నీళ్లు కలిపి 42.8 శాతం ఆల్కహాల్‌కు తెస్తే ఏడాదికి ఐదు వేల చిల్లర ముప్పావు లీటరు సీసాలు. రోజుకు వేల లీటర్లు తీసే ప్లాంట్ల మధ్య అది చాలా చిన్న సరుకు.

పైగా మద్యం రాష్ట్రాల చేతిలోని విషయం. మన దగ్గర ఎక్సైజ్ లైసెన్సు లేకుండా చుక్క తీయకూడదు. సరుకు బెవరేజెస్ కార్పొరేషన్ డిపోల ద్వారానే షాపులకు వెళ్లాలి, పొలం దగ్గర అమ్ముకోవడం కుదరదు. 2015లో వచ్చిన మైక్రోబ్రూవరీ నిబంధనలు బీరుకు మాత్రమే. ప్రయోగమని ఇంట్లో కుక్కర్‌తో కాచినా నేరమే. ఈ ఒక్క విషయంలో గట్టిగా ఉండండి.

మరి ఏం చేయాలి? కాన్పూర్‌లోని నేషనల్ షుగర్ ఇన్‌స్టిట్యూట్‌లోనూ, పుణె దగ్గర వసంత్‌దాదా షుగర్ ఇన్‌స్టిట్యూట్‌లోనూ ఫెర్మెంటేషన్ (పులియబెట్టడం), ఆల్కహాల్ టెక్నాలజీలో పీజీ డిప్లొమా ఉంది. అది చేశాక రెండు మూడేళ్లు ఏదైనా డిస్టిలరీలో షిఫ్ట్ కెమిస్ట్‌గా పనిచేయాలి. పుస్తకంలో దొరకనిది అక్కడ దొరుకుతుంది. మద్యం కాచే రాగి పాత్రలోంచి మొదట వచ్చే ధార నెయిల్ పాలిష్‌లా ఘాటుగా ఉంటుంది, దాన్ని పక్కకు తీసేస్తారు. చివర్లో తడిసిన అట్టముక్క వాసన వస్తుంది, అదీ పక్కకే. మధ్యలోది మాత్రమే మంచి సరుకు. ఎక్కడ మొదలుపెట్టాలో, ఎక్కడ ఆపాలో ముక్కుకు తెలియాలి. అందుకు చేయి తిరిగినవాళ్ల పక్కన నిలబడాల్సిందే.

లైసెన్సు రాకపోయినా ఈ చదువు వృథా పోదు. ఇథనాల్ ప్లాంట్లు, ఎంజైమ్ కంపెనీలు, మన జీనోమ్ వ్యాలీలోని టీకాల సంస్థలు, అన్నిచోట్లా ఫెర్మెంటేషన్ తెలిసినవాళ్లకు పని ఉంటుంది. నాకైతే ఇదే అసలు ధైర్యం.

మీవారితో పొలం తాకట్టు మాట ఇప్పుడు అసలు ఎత్తొద్దు. డిగ్రీలో కెమిస్ట్రీ ఉందో లేదో చూసుకుని, రెండు సంస్థల అర్హత నిబంధనలు తెచ్చి నాన్న ముందు పెట్టమనండి. ఈలోగా రాజేంద్రనగర్‌లోని చిరుధాన్యాల పరిశోధన సంస్థకు ఒకసారి వెళ్లి, పిండిపదార్థం ఎక్కువుండే జొన్న రకాలేవో తండ్రీకొడుకులిద్దరూ కలిసి అడిగి రావచ్చు.