అబ్బాయి ఫుట్‌బాల్ లైన్‌లో ఆడతానంటున్నాడా?

ప్రశ్న: మేము టెక్సస్‌కు వచ్చి ఏడాదయింది. మావి హెచ్-1, హెచ్-4 వీసాలు. తొమ్మిదో తరగతి చదివే మా అబ్బాయి మంచి ఒడ్డూ పొడుగూ ఉన్నవాడు. అమెరికన్ ఫుట్‌బాల్‌లో లైన్‌మన్‌గా ఆడిస్తామని కోచ్ అడుగుతున్నారు. చదువు దెబ్బతింటుందేమోనని భయం. పంపవచ్చా?

జవాబు: పంపండి. అయితే ఆ ఆటేమిటో ముందు తెలుసుకోండి. బంతి వెంటే చూస్తూ కూర్చుంటే మీవాడు మీకు కనబడడు. మధ్యలో సెంటర్, అతనికి అటూ ఇటూ గార్డులు, చివర్లలో ట్యాకిల్స్: ఈ ఐదుగురి పని బంతి పట్టడం కాదు. చేయి నేలకు ఆనించి వంగి ఉంటారు. బంతి కదలగానే లేచి ఎదుటివాడి ఛాతీ మీద చేతులు వేసి ఆపుతారు. వాళ్ల పాదాలు చూడండి, ఆటంతా అక్కడే ఉంటుంది. స్కోరు పట్టికలో వీళ్ల పేర్లు దాదాపు కనిపించవు. అయినా వీళ్లు తడబడితే, వెనక నుంచి బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్ నేలకరుస్తాడు.

చదువు సంగతికి జాన్ అర్షెల్ గురించి చదవండి. పెన్ స్టేట్ యూనివర్సిటీ జట్టులో గార్డుగా ఆడుతూనే గణితంలో బీఎస్, ఎంఎస్ పూర్తిచేసి, అక్కడే విద్యార్థులకు లెక్కలు చెప్పాడు. చదువూ ఆటా కలిపి చూసి ఇచ్చే క్యాంప్‌బెల్ ట్రోఫీ 2013లో అతనికే దక్కింది. 2014లో ఆటగాళ్ల ఎంపికలో ప్రొఫెషనల్ జట్టు బాల్టిమోర్ రేవెన్స్ అతణ్ణి ఐదో రౌండులో తీసుకుంది. మూడు సీజన్లు ఆడి, 26 ఏళ్లకే 2017లో ఆట మానేశాడు. ఎంఐటీలో పీహెచ్‌డీ చేసి ఇప్పుడు అక్కడే పాఠాలు చెబుతున్నాడు.

అతని కథలో మీరు గట్టిగా పట్టించుకోవలసింది మరొకటి ఉంది. 2015 శిక్షణలో తలకు దెబ్బ తగిలాక, కొంతకాలం పైస్థాయి లెక్కలు తనకు సాగలేదని అతనే చెప్పాడు. లైన్‌మన్‌కు తలతాకిడి దాదాపు ప్రతి ఆటలోనూ తప్పదు. దెబ్బ తగిలితే మళ్లీ ఎప్పుడు మైదానంలోకి దించుతారు, ఆ నిర్ణయం ఎవరిదని కోచ్‌ను మొహమాటం లేకుండా అడగండి. తలనొప్పి దాచవద్దని అబ్బాయికి చెప్పండి.

కాలేజీలోనూ ఆడాలనుకుంటే, కాలేజీ క్రీడల్లో పైశ్రేణి అయిన డివిజన్ వన్‌కు హైస్కూల్లో ఇంగ్లిష్, లెక్కలు, సైన్స్ వంటి 16 కోర్ కోర్సులు, వాటిలో కనీసం 2.3 జీపీఏ (సగటు గ్రేడు) ఉండాలి. హార్వర్డ్, యేల్ వంటివి ఉన్న ఐవీ లీగ్‌లోనూ, కింది శ్రేణి డివిజన్ త్రీలోనూ ఆటకని స్కాలర్‌షిప్ ఇవ్వరు.

ఇక మనవాళ్లు చాలామంది గమనించని చిక్కు వీసా. కాలేజీ ఆటగాళ్లు తమ పేరు, ఫొటోలతో సంపాదించుకోవచ్చని 2021లో నియమం మారింది. 2025 నుంచి కొన్ని కాలేజీలే నేరుగా చెల్లిస్తున్నాయి. కానీ హెచ్-1 వారి కుటుంబానికిచ్చే హెచ్-4 మీదున్న పిల్లలకు పనిచేసే అనుమతి లేదు, విద్యార్థి వీసా ఎఫ్-1కు మారినా కట్టుబాట్లు ఎక్కువే. పైగా 21 నిండితే హెచ్-4 చెల్లదు. స్కాలర్‌షిప్ వేరు, ఈ సొమ్ము వేరు. ఏ ఒప్పందం చేతికొచ్చినా సంతకానికి ముందే ఇమిగ్రేషన్ లాయరుకు చూపించండి.