పాపను లోపలికి తీసుకెళ్లడం కాదు, తండ్రిని బయటికి తీసుకురండి

ప్రశ్న: మా ఆయనకు 24 ఏళ్లు. పదిహేడేళ్లప్పుడు జరిగిన ఒక కొట్లాట కేసులో ఆయన పేరు కూడా ఉంది (ఐపీసీ 326, అంటే ప్రమాదకర ఆయుధంతో తీవ్రంగా గాయపరచడం). తర్వాత పని కోసం వేరే ఊరు వెళ్లిపోయారు, ఆ కేసును అందరం మర్చిపోయాం. రెండున్నర నెలల కిందట పోలీసులు తీసుకెళ్లారు. గొడవనాటికి మైనర్ కాబట్టి మైనర్ల కేసులు చూసే జువెనైల్ జస్టిస్ బోర్డు ముందు పెట్టి, అక్కడి నుంచి ప్లేస్ ఆఫ్ సేఫ్టీకి (ఇలాంటి వాళ్లను జైల్లో కాకుండా విడిగా ఉంచే చోటు) పంపారు. మాకు రెండేళ్ల పాప. నాన్న చొక్కా పట్టుకుంటే గానీ నిద్రపోవడం లేదు. నన్ను చూడనిచ్చారు గానీ, చిన్నపిల్లలకు పర్మిషన్ లేదని పాపను గేటు దగ్గరే ఆపేశారు. బెయిల్ వచ్చి నెల దాటింది గానీ, ఇరవై వేల చొప్పున ఇద్దరు షూరిటీలు దొరకలేదు. కోర్టు దగ్గర ఒకాయన డబ్బిస్తే మనుషుల్ని తనే పెడతానంటున్నాడు. పాప తండ్రిని చూడాలంటే ఏ కోర్టులో వేయాలి?
– ఒక సోదరి

జవాబు: అమ్మా, మీ ఉత్తరం నిండా పాపే ఉంది. మీ సమస్యను తేల్చే మాట మాత్రం చివర్లో, అది కూడా సగం వాక్యంలో ఉంది: ‘బెయిల్ వచ్చి నెల దాటింది గానీ’. బెయిల్ వచ్చిన మనిషి ఇంకా లోపల ఎందుకున్నాడన్నది మీరు అడగాల్సిన ప్రశ్న. అది వదిలేసి గేటు దగ్గర పాపను ఎలా పంపాలని అడుగుతున్నారు. ఉత్తర్వు కాపీ కూడా జత చేయలేదు. నెల రోజులుగా ఆ కాపీ చేతికి తీసుకోకుండా తిరుగుతున్నారంటే మిమ్మల్ని కాస్త కోప్పడక తప్పదు.

ముందు మీ ఆయన ఎక్కడ నిలబడి ఉన్నారో తెలుసుకోండి. నేరం జరిగిందంటున్న రోజుకు పద్దెనిమిది నిండకపోతే, పట్టుబడ్డ రోజుకు ఎంత వయసొచ్చినా, విచారణలో ఆయన్ని బాలుడిగానే చూడాలి. బాలన్యాయ చట్టం, 2015లోని 6వ సెక్షన్ చెప్పేది ఇదే. బెయిల్ ఇవ్వకపోతే ప్లేస్ ఆఫ్ సేఫ్టీలో ఉంచాలని కూడా అక్కడే ఉంది. కాబట్టి బెయిల్ విషయంలో 12వ సెక్షన్ మీకు వర్తిస్తుంది. ఆ సెక్షన్‌లో నాలుగో సబ్‌సెక్షన్‌ను చాలామంది చదవరు. బెయిల్ షరతులను ఏడు రోజుల్లోగా నెరవేర్చలేకపోతే, షరతులు మార్చడం కోసం బాలుణ్ణి మళ్లీ బోర్డు ముందు హాజరుపరచాలి. ‘పరచవచ్చు’ అని కాదు, ‘పరచాలి’ అనే ఉంది. మీకు ఆ ఏడు రోజులు ఎప్పుడో దాటాయి. ఆయన్ని బోర్డు ముందుకు మళ్లీ తీసుకెళ్లారని మీ ఉత్తరంలో ఎక్కడా లేదు.

ఇక గడువు మాట. బోర్డు ఉత్తర్వు మీద చిల్డ్రన్స్ కోర్టుకు అప్పీలు చేసుకోవడానికి 101వ సెక్షన్ ఇచ్చింది 30 రోజులు. అవి అయిపోయాయి. సరైన కారణం చూపిస్తే ఆలస్యాన్ని మన్నించే వీలుంది గానీ, ‘మాకు తెలియదండీ’ అన్న ఒక్క మాటకు మన్నిస్తారనుకోకండి. మీ అదృష్టం, మీకు అప్పీలుతో పని లేదు. షరతులు మార్చమని అదే బోర్డు ముందు వేసే పిటిషన్‌కు ఈ 30 రోజుల గడువు అడ్డు రాదు. అలాగని ఇంకో నెల కూర్చోకండి.

పిటిషన్‌లో ఏం అడగాలి? బెయిల్ షూరిటీతో గానీ, షూరిటీ లేకుండా గానీ ఇవ్వవచ్చని 12వ సెక్షనే చెబుతోంది. ప్రొబేషన్ ఆఫీసర్ పర్యవేక్షణలో విడిచిపెట్టే పద్ధతి కూడా ఉంది. కాబట్టి ఆయన సొంత పూచీకత్తు మీద వదలమనండి. అది కుదరదంటే ఒక్క షూరిటీ చాలనమని, ఆ ఒక్క షూరిటీ మీరో అత్తగారో ఉంటామని అడగండి. భార్య షూరిటీ ఉండకూడదని చట్టంలో లేదు, ఒప్పుకోవడం మానడం బోర్డు చేతిలో ఉంటుంది. ‘షూరిటీ లోకల్ మనిషే అయ్యుండాలి’ అని ఎవరైనా పట్టుబడితే 2023 జనవరి 31 నాటి సుప్రీంకోర్టు ఆదేశాలు చూపించమని మీ లాయరుకు చెప్పండి. విడుదల ఆలస్యం కావడానికి లోకల్ షూరిటీ షరతు ఒక కారణమని, అలాంటి చోట ఆ షరతు పెట్టనక్కర్లేదని అందులో ఉంది. బెయిల్ వచ్చిన నెలలోగా బాండ్లు ఇవ్వలేకపోతే కోర్టే కేసు తీసుకుని షరతులు సడలించే విషయం ఆలోచించవచ్చని కూడా ఉంది. ఇంకా వెనక్కి వెళితే 1978లోనే, మోతీరాం అనే తాపీ మేస్త్రీకి పదివేల షూరిటీ అడిగి, వేరే జిల్లాలో ఉన్న సోదరుడు షూరిటీ ఇస్తానంటే కాదన్న మేజిస్ట్రేట్‌ను సుప్రీంకోర్టు తప్పుపట్టింది.

‘పేదవాళ్లం’ అని రాస్తే సరిపోదు, కాగితం కావాలి. రేషన్ కార్డు, ఇంటి అద్దె రసీదు, మీరు కూలికి వెళితే పని ఇచ్చేవారి ఉత్తరం, షూరిటీ కోసం ఎవరెవరిని అడిగారో వాళ్లు ఎందుకు కాదన్నారో చెప్పే మీ అఫిడవిట్ పెట్టండి. పాప పుట్టిన సర్టిఫికెట్ ఇక్కడ పనికొస్తుంది. జాలి పుట్టించడానికి కాదు, ఆయన కుటుంబాన్ని వదిలి పారిపోయే మనిషి కాదని చూపడానికి. ఏడేళ్లు కనిపించలేదన్న మాట ప్రాసిక్యూషన్ ఎలాగూ ఎత్తుతుంది. ఆ ఏడేళ్లూ ఎక్కడ పని చేశారో, ఏ ఇంట్లో అద్దెకున్నారో రుజువులు ఇప్పుడే పోగుచేయండి.

ఒక జాగ్రత్త. ఆయన వయసుకు రుజువుగా స్కూలు సర్టిఫికెట్ ఉన్నప్పుడు ఆధార్‌ను ముందుకు తోయకండి. 94వ సెక్షన్ వరుసలో మొదట వచ్చేది స్కూలు లేదా మెట్రిక్యులేషన్ సర్టిఫికెట్, అవి లేకపోతే మున్సిపాలిటీ, పంచాయతీ జనన ధ్రువీకరణ పత్రం. పుట్టిన తేదీకి ఆధార్ సరైన రుజువు కాదని సుప్రీంకోర్టు 2024లో చెప్పింది. మన ఇళ్లలో స్కూల్లో ఒక తేదీ, ఆధార్‌లో ఇంకో తేదీ మామూలే. ఆ తేడా వల్ల ఆయన మైనర్ కాదన్న వాదన పుడితే, షూరిటీ సంగతి అటుంచి కేసే మామూలు కోర్టుకు పోతుంది. బోర్డు వయసు తేల్చిన ఉత్తర్వు ఉంటే ప్రతి అర్జీకీ దాని కాపీ పెట్టండి, చాలు. ఈ చట్టం కింద ఆ వయసే అసలు వయసు.

ఇక కోర్టు దగ్గర ఆయన. ఆ మనిషికి ఒక్క రూపాయి ఇవ్వకండి. అతను తెచ్చేవాళ్లకు మీ ఆయన ముఖం కూడా తెలియదు. వాళ్ల చేతిలోని ఇంటిపన్ను రసీదు ఎవరిదో, ఆస్తి ఉందని చూపే సాల్వెన్సీ సర్టిఫికెట్ మీద స్టాంపు ఏ షాపులో తయారైందో మీకు తెలియదు. ఇంతకుముందు ఎంతమందికి షూరిటీ ఉన్నారో ప్రతి షూరిటీ కోర్టుకు చెప్పాలి. అద్దెకు వచ్చేవాళ్లు అక్కడే అబద్ధం ఆడతారు. వెరిఫికేషన్‌లో దొరికితే బెయిల్ పోతుంది, ఫోర్జరీ, మోసం కింద కొత్త కేసు వస్తుంది. పాత కేసులో మీ ఆయన బాలుడు. కొత్త కేసులో ఆయనకు 24 ఏళ్లు, బాలన్యాయ చట్టం ఆ కేసు దరిదాపులకు రాదు. డబ్బిచ్చినందుకు మీ పేరు కూడా చేరుతుంది. అప్పుడు పాపను ములాఖత్‌కు ఎవరు తీసుకెళ్తారు?

మీరు అడిగిన ప్రశ్నకు వద్దాం, ఇది చిన్నదే. తల్లిదండ్రులు, బంధువులు చూడ్డానికి రావచ్చని బాలన్యాయ నిబంధనల్లో ఉంది. కన్నకూతురు బంధువు కాకపోతే ఇంకెవరు? గేటు దగ్గర నోటిమాటతో తిరిగి రాకండి. ఇన్‌చార్జి పేరిట అర్జీ రాసి, పాప జనన సర్టిఫికెట్ జతచేసి, రెండో కాపీ మీద తేదీతో సంతకం తీసుకోండి. కాదంటే కారణం రాసిమ్మనండి. సంతకం పెట్టకపోతే రిజిస్టర్డ్ పోస్టులో పంపండి. తర్వాత దాన్ని బోర్డు ముందు మెమోగా (చిన్న అర్జీగా) లాయరుతో వేయించండి. నెలకు ఒక్కసారైనా ఆ సంస్థను తనిఖీ చేయాల్సింది బోర్డే కాబట్టి, దీనికి వేరే కోర్టు ఎక్కనక్కర్లేదు.

మీరు జతచేసిన పాప సర్టిఫికెట్ చూశాను. తండ్రి పేరు దగ్గర ఇంట్లో పిలిచే పేరు, అది కూడా ఇంటిపేరు లేకుండా ఉంది. కేసు కాగితాల్లో స్కూలు పేరు ఉంది. ఈ ఇద్దరూ ఒకరేనా అని ఇన్‌చార్జి అడిగితే అతన్ని తప్పుపట్టలేం. జనన మరణాల రిజిస్ట్రేషన్ చట్టం 15వ సెక్షన్ కింద రిజిస్ట్రార్ దగ్గర సవరణకు దరఖాస్తు పెట్టండి. అది వచ్చేవరకు రెండు పేర్లూ ఒకరివేనని మీరు, అత్తగారు అఫిడవిట్లు ఇవ్వండి. పుట్టినప్పుడు ఆస్పత్రి ఫారం నింపిందెవరో గానీ, ఒక్క నిమిషం ఆగి అడిగి ఉంటే ఇవాళ ఈ తిరుగుడు తప్పేది.

ఉత్తరంతో పాటు ఆయన ఫోటో, ఎఫ్ఐఆర్ కూడా పంపారు, ‘న్యాయం కావాలి’ అని వీడియో పెడతానన్నారు. పెట్టకండి. ఈ కేసులో ఆయన్ని గుర్తుపట్టేలా పేరు, ఊరు, ఫోటో బయటపెట్టడాన్ని 74వ సెక్షన్ నిషేధిస్తుంది. ఆరు నెలల వరకు జైలు, రెండు లక్షల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు.

లాయరు ఫీజు టెన్షన్ వద్దు. మహిళగా మీకు, కస్టడీలో ఉన్న వ్యక్తిగా ఆయనకు న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా లాయరును ఇస్తుంది, 15100కు ఫోన్ చేయండి. లాయరు దగ్గరికి వెళ్లేటప్పుడు బెయిల్ ఉత్తర్వు సర్టిఫైడ్ కాపీ తీసుకెళ్లండి. ఆయన్ని బోర్డు ముందు మొదటిసారి హాజరుపరిచిన తేదీ కూడా రాసుకెళ్లండి. ఆ తేదీ నుంచి నాలుగు నెలల్లో విచారణ ముగియాలి, మరో రెండు నెలల వరకు పెంచుకోవచ్చు. ఇలాంటి తీవ్రమైన సెక్షన్‌లో ఇంకా కావాలంటే చీఫ్ జ్యుడీషియల్ మేజిస్ట్రేట్ కారణాలు రాసి అనుమతి ఇవ్వాలి. రెండున్నర నెలలు ఇప్పటికే గడిచాయి. వాయిదా పడ్డ ప్రతిసారీ ఎవరి వల్ల పడిందో లాయరుతో రికార్డులో రాయించండి.