గీజర్ మార్చే ముందు ప్రెషర్ గేజి ముల్లును చూడండి

మీరు రెండు ఇబ్బందులు రాశారు. గీజర్ వేసినప్పుడల్లా సేఫ్టీ వాల్వు నుంచి నీళ్ళు కారుతున్నాయి. ఎవరూ కుళాయి తిప్పకపోయినా డాబా మీది ప్రెషర్ పంపు రాత్రిళ్ళు దానంతట అదే ఆన్ అవుతోంది. రెండింటికీ కారణం గీజరేనని, కొత్తది కొనమని ప్లంబరు చెప్పారని కూడా రాశారు. కావలిలోని మా ఇంట్లో మూడేళ్ళ కిందట ఇవే రెండూ ఒకేసారి కనిపించాయి. మాకూ అదే సలహా వచ్చింది, కొనడానికి సిద్ధపడ్డాం కూడా. చివరికి తేలిందేమిటంటే, అవి రెండు వేరువేరు సంగతులు, వాటిలో గీజరు తప్పు ఏదీ లేదు. అందుకే మీరు డబ్బు ఖర్చు పెట్టే ముందు ఒక పూట పరీక్షకు కేటాయించమని కోరుతున్నాను.

మాది పైన ఒక అంతస్తు ఉన్న ఇల్లు. డాబా మీది ట్యాంకులో నీటి మట్టానికీ, పై అంతస్తు స్నానాలగదిలోని షవరుకూ మధ్య ఎత్తు సుమారు రెండు మీటర్లు. నీరు పది మీటర్ల ఎత్తు నుంచి దిగితే దాదాపు ఒక కేజీ ప్రెషర్ (చదరపు సెంటీమీటరుకు ఒక కేజీ) వస్తుంది కాబట్టి మా షవరుకు అందేది 0.2 కేజీ మాత్రమే. ఆ కారణంగానే పంపు, దాని పక్కన 24 లీటర్ల ప్రెషర్ ట్యాంకు పెట్టించాం. ప్రెషర్ 1.4 కేజీకి పడితే పంపు ఆన్ అవుతుంది, 2.8 కేజీకి చేరితే ఆగుతుంది. మీ పంపు అంకెలు వేరుగా ఉండవచ్చు. ఒకసారి కుళాయి తిప్పి, ముల్లు ఎక్కడ ఉండగా పంపు అందుకుంటోందో, ఎక్కడ ఆగుతోందో ముందుగా రాసి పెట్టుకోండి.

మొదట రాత్రి సంగతి చూడండి. పంపు ఆగిన తరువాత దాని స్విచ్ ఆపి, కుళాయిలన్నీ కట్టేసి, గేజి ముల్లు ఎక్కడుందో చూసి, అరగంట తరువాత మళ్ళీ చూడండి. ముల్లు దిగిందంటే నీరు ఎక్కడికో పోతోందన్న మాట. ఎటు పోతోందో తెలుసుకోవడానికి పంపు ఆన్ చేసి ప్రెషర్ మళ్ళీ నింపి, స్విచ్ ఆపి, ఇంట్లోకి దిగే పైపుకున్న గేటు వాల్వు కట్టేసి ఇంకో అరగంట ఆగండి. గేజి ఆ వాల్వుకు పంపు వైపున ఉంటేనే ఈ పరీక్ష పనికివస్తుంది. ఇప్పుడూ ముల్లు దిగితే, పంపు దగ్గరి ఎన్ఆర్‌వీ (నీటిని ఒకవైపుకే పోనిచ్చే వాల్వు) సరిగా మూసుకోక నీరు తిరిగి డాబా మీది ట్యాంకులోకి పోతూ ఉండవచ్చు. ఆ చుట్టుపక్కల జాయింట్లలో తడి ఉందేమో కూడా తడిమి చూడండి. ముల్లు కదలకుండా నిలబడితే లీకు ఇంట్లోనే ఉంది.

మా ఇంట్లో రెండోదే జరిగింది. గోడలో పైపు పగిలిందేమోనని చాలా భయపడ్డాం. టైల్సు పగలగొట్టించక ముందే మా అమ్మ ఒక ఉపాయం చెప్పింది: ఫ్లష్ ట్యాంకులో బట్టలకు వేసే నీలిమందు నాలుగు చుక్కలు వేసి, ఎవరూ ఫ్లష్ చేయకుండా అరగంట ఆగమంది. కింది బాత్రూములో కమోడు లోపల వెనుక వైపున వెంట్రుకంత సన్నని నీలిచార కనిపించింది. చెవికి వినపడని, కంటికి ఆనని ఆ ధారే రాత్రంతా ప్రెషర్ దింపుతూ పంపును లేపుతోంది. ఫ్లష్ ట్యాంకులోని రబ్బరు వాషరు మారిస్తే సరిపోయింది.

అంత చిన్న లీకుకే పంపు అన్నిసార్లు ఎందుకు ఆన్ అవుతోంది అన్న ప్రశ్న మిగిలింది. కుళాయిని సన్నగా తిప్పి గేజిని చూస్తే, ముల్లు 2.8 నుంచి 1.4కు క్షణాల్లో పడి, మళ్ళీ అంతే వేగంగా ఎగబాకుతోంది. ప్రెషర్ ట్యాంకులో ఒక రబ్బరు సంచి, దాని చుట్టూ గాలి ఉంటాయి. నీరు సంచిలో నిండి గాలిని అదుముతుంది; ఆ గాలే కొంతసేపు నీటిని ఇంట్లోకి నెడుతుంది. గాలి తగ్గిపోతే చెంబుడు నీళ్ళకే పంపు లేవాల్సి వస్తుంది. ట్యాంకుకు కారు టైరుకు ఉన్నట్టే ఒక గాలి వాల్వు ఉంటుంది. దాని మూత తీసి మధ్యలోని పిన్నును నొక్కండి. నీళ్ళు వస్తే సంచి చిరిగినట్టు, దాన్ని మార్చాలి. నీరసంగా గాలి మాత్రమే వస్తే నింపుకోవచ్చు. నింపే ముందు పంపు స్విచ్ ఆపి, కుళాయి తెరిచి గేజి సున్నాకు దించడం తప్పనిసరి, లేకపోతే టైరు గేజి చూపే అంకె తప్పుగా ఉంటుంది. పంపు ఆన్ అయ్యే ప్రెషర్ కంటే రెండు పీఎస్ఐ (టైరు గేజి మీద ఉండే ప్రెషర్ కొలత) తక్కువగా పెట్టాలి. మాది 1.4 కేజీకి, అంటే 20 పీఎస్ఐకి ఆన్ అవుతుంది కాబట్టి టైర్లకు కొట్టే కాలి పంపుతో 18 పెట్టాను.

ఇక గీజరు. నీరు వేడెక్కితే వ్యాకోచిస్తుంది. 25 లీటర్ల గీజరులో నీరు 25 డిగ్రీల నుంచి 65 డిగ్రీలకు చేరితే సుమారు 400 మిల్లీలీటర్లు పెరుగుతుంది. సేఫ్టీ వాల్వులోనే ఎన్ఆర్‌వీ ఉంటే ఆ నీరు వెనక్కు పోలేదు, కుళాయిలు కట్టేసి ఉంటే ముందుకూ పోలేదు. కాబట్టి వాల్వు దాన్ని చుక్కలుగా బయటికి వదులుతుంది. వాల్వు కింద ఒక గ్లాసు పెట్టి కొలవండి. వేడెక్కేటప్పుడు మాత్రమే కారి, ఒకటి రెండు గ్లాసులతో ఆగిపోతే వాల్వు తన పని తాను చేస్తున్నట్టే. మాకు గ్లాసున్నర వచ్చింది. చల్లగా ఉన్నప్పుడూ ఆగకుండా కారితే, పంపు ప్రెషర్ ఎక్కువగా ఉందేమో గేజిలో చూడండి. అది సరిగానే ఉంటే వాల్వులో సున్నపు నలక ఇరుక్కుని ఉండవచ్చు. మన వైపు బోరు నీళ్ళు కాచిన గిన్నెలో తెల్లటి పొర ఎలా కడుతుందో మీకు తెలుసు, గీజరులోనూ అదే కడుతుంది. కరెంటు ఆపి, నీరు చల్లారాక వాల్వు లివరును రెండు మూడుసార్లు ఎత్తి వదలండి. అప్పుడూ ఆగకపోతే మార్చాల్సింది ఆ వాల్వును, గీజరును కాదు.

ఒక్క విషయంలో మాత్రం చేతులెత్తి వేడుకుంటున్నాను. మాకు తెలిసిన ఒక ఇంట్లో ఆ చుక్కల చికాకు భరించలేక వాల్వు మూతికి ప్లగ్గు బిగించేశారు. దయచేసి ఆ పని చేయకండి, ఎవరైనా చేస్తామన్నా ఒప్పుకోకండి. నీరు తగినంత వేడెక్కగానే కరెంటు ఆపే థర్మోస్టాటు ఏదో ఒక రోజు మొరాయించి కాయిలు ఆగకుండా కాలితే, మూసి ఉన్న ట్యాంకులో నీరు 100 డిగ్రీలు దాటినా ఆవిరి కాకుండా ప్రెషరుతో నిలుస్తుంది. ట్యాంకు చీలిన క్షణాన ఆ నీటిలో కొంత ఒక్కసారిగా ఆవిరై పేలుతుంది. మీ వాల్వు మూతికి ఒక సన్నని గొట్టం తగిలించి, దాని కొసను ఎక్కడా మడతపడకుండా బాత్రూము తూము దాకా వదలండి. మా ఇంట్లో ఇప్పటికీ అలాగే ఉంది, ప్రతి చలికాలం ఉదయం ఆ గ్లాసున్నర నీళ్ళు అందులోంచే పోతున్నాయి.