గోడ మీద ఎర్ర గుర్తు పడకముందే గడప ఎక్కండి

పాఠకుల ప్రశ్నలు – సమాధానాలు. హైదరాబాద్‌లో రైలు, ఫ్లైఓవర్ పనులు జరిగిన చోటల్లా ప్రజలతో మాట్లాడే బాధ్యతను పాతికేళ్లు మోసిన మా శీర్షిక రచయిత్రి ఈ సంచికలో నాలుగు ఉత్తరాలకు బదులిస్తున్నారు.

ప్రశ్న: మేడమ్, ఎం.ఎస్.డబ్ల్యూ. చదివి ఎనిమిదేళ్లు స్వచ్ఛంద సంస్థలో చేశాను. పాతబస్తీ వైపు రాబోయే ఒక పెద్ద రవాణా ప్రాజెక్టులో ప్రజా సంబంధాల బృందానికి ఇప్పుడు నన్ను లీడ్‌గా తీసుకున్నారు. నా కింద ఆరుగురు. "కరపత్రాలు పంచండి, మీటింగులు పెట్టండి, గొడవ రాకుండా చూసుకోండి" అంటున్నారు మా మేనేజర్. ఎక్కడ మొదలుపెట్టను?
– ఒక పాఠకురాలు, సంతోష్‌నగర్

సమాధానం: మీ మేనేజర్ చెప్పిన వాటిలో ఆఖరిది ఒప్పుకోకండమ్మా. గొడవ రాకూడదన్న లెక్కతో బయల్దేరితే గొంతు పెద్దగా ఉన్నవాళ్ల ఇళ్లకే వెళ్తాం. మసీదు కమిటీ, గుడి కమిటీ, కార్పొరేటర్, బజారు సంఘం అధ్యక్షుడు. ఈ నలుగురినీ కలిస్తే బస్తీ మొత్తాన్నీ కలిసినట్టే అనిపిస్తుంది. మేడ మీద గదిలో కూర్చుని గాజులకు రాళ్లు అతికే ఆడవాళ్లు, ముల్గీ (దుకాణం గది) కిరాయికి తీసుకున్న దర్జీ, మెట్ల కింద తాళాలు బాగుచేసే పెద్దాయన ఆ జాబితాలో ఉండరు. తవ్వకం మొదలైన రోజు బేరం పోయేది వాళ్లకే.

ముందు నడవండి. పాతబస్తీ మెట్రో దారినే తీసుకోండి. ఎంజీబీఎస్ (మహాత్మా గాంధీ బస్ స్టేషన్) నుంచి చాంద్రాయణగుట్ట దాకా ఏడున్నర కిలోమీటర్లు. డ్రాయింగులో అదొక గీత. దారుల్‌షిఫా, పురానీ హవేలీ, హరిబౌలి, శాలిబండ, అలియాబాద్ మీదుగా కాళ్లతో కొలిస్తే వేరే సంగతి. పొద్దున ఒకసారి, శుక్రవారం జుమ్మా వేళ ఒకసారి, రాత్రి పదింటికి ఒకసారి నడవండి. ఒకే షట్టర్ ముందు పొద్దున పాలవాడు, మధ్యాహ్నం పండ్ల బండి, రాత్రి కబాబుల పొయ్యి కనిపిస్తాయి. సర్వే కాగితంలో ఆ చోటు "ఖాళీ ఫుట్‌పాత్" అని ఉంటుంది. 2013 భూసేకరణ చట్టం సామాజిక ప్రభావ అంచనా, అంటే ప్రాజెక్టు వల్ల ఎవరికేం నష్టమో లెక్కగట్టడం, చేయమంటుంది. తెలంగాణ తన సవరణతో మౌలిక సదుపాయాల ప్రాజెక్టులకు దాన్నుంచి మినహాయింపు ఇచ్చే వీలు పెట్టుకుంది. మీ ప్రాజెక్టుకు ఆ మినహాయింపు దొరికినా సరే, ఇంటింటి సర్వే పట్టుబట్టి చేయించండి. గోడ మీద ఎర్ర పెయింటుతో కొలత గుర్తు పడేలోపే ఆ ఇంటివాళ్లు మీ ముఖం చూసి ఉండాలి. ఆ గుర్తు చూసి జడుసుకున్నాక మీరు ఎంత మంచిమాట చెప్పినా వాళ్ల చెవికెక్కదు.

ఆరుగురిలో కనీసం ఇద్దరు ఉర్దూ ధారాళంగా మాట్లాడే ఆడవాళ్లు ఉండాలి. మధ్యాహ్నం వంట పని అయ్యాక, పిల్లలు బడి నుంచి రాకముందు, ఆ రెండు గంటలే వాళ్లకు తలుపులు తెరుచుకుంటాయి. కరపత్రం ఒక్క పేజీ చాలు. ఒకవైపు తెలుగు, మరోవైపు ఉర్దూ, కింద ఫోన్ ఎత్తే మనిషి పేరు, నంబరు.

రెండోది, పండుగల లెక్క. దీని మీద నేను ఇంజనీర్లతో పోట్లాడినంతగా మరి దేనిమీదా పోట్లాడలేదు. మొహర్రం పదో రోజున దబీర్‌పురాలో బయల్దేరిన బీబీ కా ఆలం (మొహర్రం పవిత్ర ధ్వజం) ఏనుగు మీద చార్మినార్, పురానీ హవేలీ, దారుల్‌షిఫా మీదుగా చాదర్‌ఘాట్ చేరుతుంది. నిమజ్జనం నాడు బాలాపూర్ గణేశుడు చాంద్రాయణగుట్ట, ఫలక్‌నుమా, అలియాబాద్ దాటి చార్మినార్ మీదుగా హుస్సేన్‌సాగర్‌కు వెళ్తాడు. ఆషాఢంలో లాల్‌దర్వాజా బోనాలు, హరిబౌలి అక్కన్న మాదన్న గుడి నుంచి ఏనుగు మీద ఘటం. రంజాన్‌లో బజారు తెల్లవార్లూ నడుస్తుంది, చాలా దుకాణాలకు ఏడాది అప్పులు తీరేది ఆ నెలలోనే. ఇస్లామీ నెలలు ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరుగుతాయి. రెండేళ్ల కింద గీసిన పని షెడ్యూల్లో ఖాళీగా కనిపించిన వారం ఇవాళ రంజాన్ ఆఖరి వారమై కూర్చుంటుంది. ఆ షెడ్యూల్ పక్కన ఈ క్యాలెండర్ అంటించి, ఏటా సరిచూసే పని మీ బృందంలో ఒకరికి అప్పగించండి. ఊరేగింపు దారిలో బారికేడ్ ఎన్ని అడుగులు వెనక్కి జరగాలో, వేలాడే కేబుళ్లు ఎంత ఎత్తుండాలో నిర్వాహకులనే తీసుకెళ్లి కొలిపించండి.

ఇక అసలు సంగతి. మీరు మోసుకొచ్చిన మాటతో లోపల ఏదైనా మారాలి. ఒక ఫ్లైఓవర్ పని జరిగేటప్పుడు రోడ్డు పొడవునా రేకుల బారికేడ్ కట్టారు. పక్కనే ఒక పెద్దమ్మ గిర్నీ. మనుషులు నడవడానికి రెండడుగుల సందు వదిలారు, ఒక్క మనిషి నడిచి వెళ్లడానికైతే చాలు. కానీ ఆమె దగ్గరికి జొన్నలు, గోధుమలు సైకిళ్ల మీద వస్తాయి. క్యారియర్‌కు అడ్డంగా బస్తా, హ్యాండిల్‌కు రెండు సంచులు. సందు మొదట్లోనే సైకిల్ ఇరుక్కుంటోంది. మూడు వారాల్లో ఆమె బేరం సగానికి పడిపోయింది. ఆఫీసులో చెబితే "ఫిర్యాదు రాసివ్వమనండి" అన్నారు. ఆమెకు రాయడం రాదు. నేను సైట్ ఇంజనీర్‌ను పొద్దున ఏడింటికి గిర్నీ ముందుకు పిలిచి, ఒక బస్తా సైకిల్‌ను ఆయన చేతికే ఇచ్చాను. రెండుసార్లు తోసి చూసి, టేపు తీశాడు. నాలుగున్నర అడుగులు కావాలి. సాయంత్రానికల్లా రెండు రేకులు వెనక్కి జరిగాయి. ఆ అబ్బాయి చెడ్డవాడేమీ కాదు. అతనికి కనిపించలేదు, అంతే. జనాన్ని ఆఫీసుకు రప్పించడం మాని, ఇంజనీర్లను వీధిలోకి తీసుకెళ్లండి.

దీనికోసం మేనేజర్ దగ్గర ఇప్పుడే మూడు తీసుకోండి. వారం వారం జరిగే పని సమీక్షలో మీకు కుర్చీ, ఎవరినీ అడక్కుండా ఒకరోజు బారికేడ్ తెరిపించే అధికారం, నీళ్ల ట్యాంకరో నాలుగు చెక్క పలకలో వెంటనే తెప్పించే చిన్న ఖర్చు. చేరిన మొదటి నెలలో ఇవ్వనిది తర్వాత ఇవ్వరు.

ఒక తప్పు కూడా చెప్పాలి, అది నాదే. వేరొక ప్రాజెక్టులో నల్లా పైపు పక్కకు మార్చే పనికి "15 రోజులు" అని కాంట్రాక్టర్ చెప్పాడు. నేను నమ్మి కరపత్రంలో అచ్చు వేయించాను. పైపు కింద ఎవరి లెక్కలోనూ లేని పాత కేబుల్ బయటపడింది, పని ఆగిపోయింది. నాకేమో మొహం చెల్లక అటు వెళ్లడం మానేశాను. చివరికి వెళ్లిన రోజున కిరాణా కొట్టులో నా కరపత్రం క్యాలెండర్ పక్కన మేకుకు గుచ్చి ఉంది. పదహారో రోజు నుంచి రోజుకో గీత చొప్పున కొట్టాయన పెన్నుతో గీస్తూ వచ్చాడు. 41 గీతలు. ఆయన ఒక్క మాట అనలేదు. నేను లెక్కపెట్టేదాకా ఆగి, చాయ్ తెప్పించాడు. ఇన్నేళ్లయినా ఆ చాయ్ గుర్తొస్తే నాకు గొంతు పట్టేస్తుంది.

అప్పటినుంచి నా చేతిలో లేని తేదీ అచ్చు వేయించలేదు. "గురువారం పదకొండింటికి మళ్లీ వస్తాను" అన్నది నా చేతిలో ఉన్న తేదీ. చెప్పడానికి కొత్త కబురు ఏమీ లేకపోయినా ఆ గురువారం వెళ్లాలి. లేని రోజునే తప్పకుండా వెళ్లాలి. ఒక రిజిస్టర్ పెట్టండి. వాళ్లు అన్న మాట వాళ్ల మాటల్లోనే, జవాబు చెప్పాల్సిన ఇంజనీర్ పేరు, చెప్పాల్సిన రోజు, చివరి గడిలో "ఏం మారింది". ఆ చివరి గడి ఖాళీగా ఉన్నవన్నీ వారం సమీక్షలో పైకి చదవండి, ఎవరికి విసుగొచ్చినా సరే.

ప్రశ్న: అమ్మా, అలియాబాద్ రోడ్డు మీద 22 ఏళ్లుగా ముల్గీ కిరాయికి తీసుకుని చెప్పుల దుకాణం నడుపుతున్నాను. భూసేకరణ నోటీసు ఇంటి ఓనర్‌కు వచ్చింది, అందులో నా పేరే లేదు. ఓనర్‌కు పైసలొస్తాయి, నా సంగతేంటి?
– ఒక దుకాణదారు

సమాధానం: చట్టంలో మీకు చోటుంది. 2013 చట్టం సెక్షన్ 3(సి)లో "బాధిత కుటుంబం" అంటే స్థలం ఉన్నవాళ్లు మాత్రమే కాదు. సేకరణకు ముందు మూడేళ్లుగా అక్కడే ప్రధాన జీవనాధారం ఉండి, అది దెబ్బతిన్న పట్టణ కుటుంబాలూ అందులోకి వస్తాయి. నిర్వాసితులయ్యే చిన్న వ్యాపారులకు, చేతివృత్తులవాళ్లకు ఒకేసారి ఇచ్చే సాయం కనీసం 25,000 రూపాయలుండాలని రెండో షెడ్యూల్ చెబుతోంది. 22 ఏళ్ల బేరానికి అదేమంత సొమ్ము? కానీ ఆ జాబితాలో పేరుంటేనే మిగతా ఏ సాయమైనా అడగగలరు. కాబట్టి ఇవాళే కాగితాలు బయటకు తీయండి. జీహెచ్‌ఎంసీ ట్రేడ్ లైసెన్సు, దుకాణం కరెంటు బిల్లులు, కిరాయి రసీదులు, బ్యాంకు పాస్‌బుక్కు. రసీదుల్లేకపోతే సరుకు తెచ్చిన పాత బిల్లుల మీద దుకాణం చిరునామా ఉంటుంది, అవీ పనికొస్తాయి. ప్రాథమిక నోటిఫికేషన్ వచ్చాక అభ్యంతరం చెప్పుకోవడానికి 60 రోజుల గడువు. రెండు కాపీలు రాసి, ఒకటి కలెక్టరుకు ఇచ్చి, రెండోదాని మీద తేదీతో ముద్ర వేయించుకోండి. ముద్ర పడేదాకా కౌంటర్ దగ్గర్నుంచి కదలకండి.

మీ దుకాణం ముందు బండి పెట్టుకునే తమ్ముళ్లుంటే వాళ్లకూ చెప్పండి. వీధి వ్యాపారుల కోసం 2014లో వేరే చట్టం వచ్చింది. దాని ప్రకారం వాళ్లను తరలించాలన్నా 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి.

ప్రశ్న: నేను చాంద్రాయణగుట్ట నుంచి రోజూ రెండు బస్సులు మారి హైటెక్ సిటీ వెళ్తాను. అభ్యంతరాలు చెప్పేవాళ్ల వల్లే కదా మాకు ఇన్నేళ్లూ మెట్రో రానిది? ఇంకా వాళ్లతో మాటలేంటి?
– ఒక ఉద్యోగిని

సమాధానం: మీ కష్టం నిజం. 2010లో మెట్రో ఒప్పందం కుదిరింది. 2017 నవంబరు 28న మియాపూర్‌లో తొలి రైలు కదిలింది. 2020 ఫిబ్రవరిలో జేబీఎస్ (జూబ్లీ బస్ స్టేషన్)–ఎంజీబీఎస్ దారి తెరిచారు. అప్పటికి 69 కిలోమీటర్లు పూర్తయ్యాయి, ఫలక్‌నుమా దాకా వేయాల్సిన ఐదున్నర కిలోమీటర్లే మిగిలాయి. చాంద్రాయణగుట్ట దాకా పొడిగించిన ఆ దారికి 2024 మార్చి 8న శంకుస్థాపన జరిగింది. అన్నేళ్లూ మీలాంటివాళ్లు రోడ్డు మీదే నలిగారు.

అయినా మాటలు ఎక్కువై ఆలస్యమైందని నేననుకోను. అలైన్‌మెంట్ (రైలు వెళ్లే దారి) మీద, ప్రార్థనా స్థలాల మీద ఉన్న భయాలకు గడప దగ్గర, డ్రాయింగ్ చేతిలో పట్టుకుని జవాబు చెప్పినవాళ్లు తక్కువ. కాగితం మీదున్నప్పుడు పిల్లర్‌ను మీటరు జరపడం కొద్దిరోజుల పని. పైల్ (భూమిలోకి దింపే పునాది స్తంభం) పోశాక అదే మీటరు కోసం కోర్టులో ఏళ్లు గడుస్తాయి. ఢిల్లీ మెట్రో వాళ్లు పని మొదలయ్యే చోట స్థానికులతో ముఖాముఖి సమావేశాలు పెట్టడం అలవాటు చేసుకున్నది ఊరికే కాదు. ఇంకొకటి: ఈ మీటింగులకు మీరూ రండి. ఇల్లు పోయేవాళ్లు వస్తారు, రైలెక్కబోయేవాళ్లు రారు. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోవాలి.

ప్రశ్న: మా ఇల్లు 60 ఏళ్ల నాటిది, సున్నంతో కట్టింది. ముందు రోడ్డులో డ్రిల్లింగ్ మొదలవుతుందట. గోడలు బీటలిస్తే ఎవరిని అడగాలి?
– ఒక గృహిణి, శాలిబండ

సమాధానం: డ్రిల్లింగ్‌కు ముందే అడగాలి. పని మొదలుకాకముందు పక్క ఇళ్ల స్థితిని ఫొటోలతో నమోదు చేయడం ఇలాంటి ప్రాజెక్టుల్లో మామూలే. మీ ఇంటికి రమ్మని రాసివ్వండి, ఒక కాపీ అడిగి తీసుకోండి. ఇప్పటికే ఉన్న బీటలు చూపించడానికి జంకకండి, దాస్తే నష్టం మీకే. ఒక్కో బీటకు అడ్డంగా సన్నని గాజు ముక్క అతికించి, రెండు చివర్లా సిమెంటు పెట్టించి, పక్కన తేదీ వేయించండి. గోడ కదిలితే గాజు పుటుక్కున విరుగుతుంది. విరిగిన రోజే ఫొటో తీసి పంపండి. ఆ గాజును మాత్రం తీసేయకండి, ఇంజనీరు వచ్చి చూసేదాకా గోడకే ఉండనివ్వండి.